పేజీని మొదట తెలుగులోనే గీయండి

"దరఖాస్తును రద్దు చేయాలా?" అని అడుగుతుంది తెర. కింద రెండు బటన్లు: "రద్దు చేయి", "సరే". దరఖాస్తు వద్దనుకున్న మనిషి ఏది నొక్కాలి? ఉంచుకుందామనుకున్న మనిషి ఏది నొక్కాలి? మొదటి బటన్ దరఖాస్తును రద్దు చేస్తుందా, అడిగిన ప్రశ్ననే రద్దు చేస్తుందా? ఇంగ్లిషు మూలంలో పైన ఒక మాట, బటన్ మీద ఇంకో మాట ఉంటాయి. తెలుగు చేసేవాళ్లు రెండింటికీ "రద్దు" అనే రాసి పంపేస్తారు. వాళ్ల తప్పని కూడా అనలేం. వాళ్ల చేతికి వచ్చింది ఒక ఎక్సెల్ షీటు. ఏ మాట ఏ తెర మీద, దేని పక్కన కూర్చుంటుందో ఎవరూ చూపించరు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తెలుగువాళ్లు వాడే పేజీని మొదటి గీత నుంచే తెలుగులో గీయాలి. ఇంగ్లిషులో అంతా పూర్తిచేసి, చివరి వారంలో మాటలు మార్చి "తెలుగు వెర్షన్" అనడం వల్లే మన పేజీలు ఇలా తయారవుతున్నాయి. బటన్ పొడవు, వరుసల మధ్య దూరం, పేరు రాసే పెట్టె, జిల్లాల జాబితా, తప్పు చూపించే వాక్యం, వీటిలో ప్రతిదీ ఏదో ఒక భాషను మనసులో పెట్టుకునే తయారవుతుంది. ఆ భాష ఇంగ్లిషయితే తెలుగు అందులో అద్దెకున్నట్టే ఉంటుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చుని కాలేజీకో, పరపతి సంఘానికో, పలాస జీడిపప్పు వ్యాపారికో వెబ్‌సైటు చేసిపెట్టే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేలా కొలతలతో సహా రాస్తున్నాను.

అక్షరానికి చోటు

ఇంగ్లిషు అక్షరాలు ఒక గీత మీద వరుసగా నిలబడతాయి. మన అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. పైన గుడి, ఏత్వం. కింద ఒత్తు, కొన్నిచోట్ల ఒత్తు కింద ఇంకో ఒత్తు. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", "కృష్ణ" అనే నాలుగు మాటలు తీసుకుని మీ పేజీలోని ప్రతి బటన్ మీద, ప్రతి మెనూలో, టేబుల్‌లోని ప్రతి గడిలో పెట్టి చూడండి. ఎక్కడో ఒకచోట ఒత్తు సగానికి తెగి కనిపిస్తుంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: బటన్‌కు 36 పిక్సెళ్ల ఎత్తు కట్టేసి, దాటి వచ్చినది కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టారు. ఎత్తు కట్టొద్దు. పైనా కిందా 0.75 ఈఎం, అంటే అక్షరం సైజులో ముప్పావు వంతు, ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇచ్చి ఎత్తును అక్షరానికే వదిలేయండి.

వరుసల మధ్య దూరం, అంటే లైన్-హైట్, ఇంగ్లిషు పేజీల్లో 1.4, 1.5 పెడతారు. తెలుగుకు 1.6 కంటే తగ్గిస్తే పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఒకదానికొకటి తగులుకుంటాయి. చదివే వ్యాసానికి 1.7 దగ్గర హాయిగా ఉంటుంది. అక్షరం సైజు 14 పిక్సెళ్లకు దించితే ద, ధ, థ మధ్య తేడా పోతుంది. ప, ఫ, ష కూడా అంతే. మన అక్షరాల్లో తేడా చూపించేది చిన్న చుక్కో, చిన్న గీతో. అది కనపడాలంటే 17 లేదా 18 పిక్సెళ్లుండాలి. రాసే పెట్టెల్లో అయితే 16కు తగ్గించకూడదనడానికి ఇంకో కారణం ఉంది: అంతకంటే చిన్నగా ఉంటే ఐఫోన్‌లో సఫారీ ఆ పెట్టె మీద నొక్కగానే పేజీ మొత్తాన్ని పెద్దది చేసేస్తుంది, మనిషికి తానెక్కడున్నాడో తెలియదు.

ఇంగ్లిషు డిజైనర్లు శీర్షికను వేరుచేయడానికి వాడే మూడు పనిముట్లు మనకు పనిచేయవు. పెద్దక్షరాలు మనకు లేవు. అక్షరాల మధ్య దూరం పెంచితే మాట ముక్కలుముక్కలై కనిపిస్తుంది, లెటర్-స్పేసింగ్ తెలుగుకు సున్నాయే ఉంచాలి. ఇటాలిక్ మన లిపిలో లేనిది కాబట్టి బ్రౌజరే అక్షరాన్ని పక్కకు వంచి ఇస్తుంది, చూడ్డానికి పడిపోతున్నట్టుంటుంది. ఇక మిగిలేవి సైజు, మందం, చుట్టూ ఖాళీ. వీటిలో మందం దగ్గర ఒక మెలిక ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ పేర్లతో ఉచిత ఖతులు, అంటే ఫాంట్లు, ఉన్నాయి. మన జిల్లాల పెద్దల పేర్లు కాబట్టి వాడాలని ముచ్చటేస్తుంది. కానీ రెండింటికీ రెగ్యులర్ మందం ఒక్కటే ఉంది. వాటికి బోల్డ్ అడిగితే బ్రౌజర్ అదే అక్షరాన్ని కాస్త జరిపి మళ్లీ పూసి ఇస్తుంది, సున్నాలూ గుడులూ పూడుకుపోతాయి. వాటిని శీర్షికలకు ఉంచుకుని, మామూలు పాఠానికి నిజమైన బోల్డ్ ఉన్న నోటో సాన్స్ తెలుగు లాంటిది తీసుకోండి.

నోటో సాన్స్ తెలుగు ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది, విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఉంటాయి. అంటే ఖతి దించకుండానే మంచి తెలుగు చూపించవచ్చు. గుణింతాలకూ ఒత్తులకూ విడివిడి రూపాలు కావాలి కాబట్టి తెలుగు ఖతి ఫైలు ఇంగ్లిషు దానికంటే చాలా పెద్దది. తప్పదనుకుంటే వెబ్ కోసం కుదించిన వాఫ్2 రూపంలో, రెండు మందాలకు మించకుండా దించండి. ఫైలు చిన్నది చేద్దామని అనవసరమైన అక్షరాలు కోసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్షరాలు కలిసే నియమాల పట్టిక, దాన్ని జీసబ్ అంటారు, అది కూడా పోతే "స్త్రీ" అనే మాట మూడు ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. కంటికి కనిపించని సున్నా వెడల్పు అక్షరాలు రెండింటినీ, 200సీ, 200డీ కోడ్‌లవి, తప్పకుండా ఉంచాలి. "సాఫ్ట్‌వేర్"లో "ట్" పొల్లుగా నిలబడేది మొదటిదాని వల్లే.

లింకు కింద గీత ఒత్తుల మీదుగా పోతుంది. ఆ గీతను 0.3 ఈఎం కిందికి దించితే సరిపోతుంది.

మాట

గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయనా, గురజాడ అప్పారావూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. వాడుక భాష కోసం అంత పోరాటం నడిచింది మన నేల మీదే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అదే రోజు ప్రారంభించే వెబ్‌సైట్ల మీద కూడా "సమర్పించు", "నిష్క్రమించు", "తదుపరి", "వినియోగదారుని నామము" అనే ఉంటాయి. కౌంటరు దగ్గర ఏ మనిషీ "నా దరఖాస్తు సమర్పించండి" అనడు. "పంపించండి" అంటాడు. ఆ మాటే బటన్ మీద ఉండాలి.

దీనికి ఎదురుగా వినిపించే మాట ఒకటుంది: "జనం సబ్మిట్, లాగిన్ అనే అంటారు కదా, తెలుగెందుకు?" అది నిజమే, ఆ మాటలు ఉంచండి. లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ, ఫోటో, అప్‌లోడ్, ఇవన్నీ తెలుగు లిపిలో హాయిగా చదువుకోగలిగే మాటలు. పాస్‌వర్డ్‌కు "సంకేతపదం" అని రాస్తే మనిషి ఆగిపోతాడు. నా లెక్క ఇది: ఆ పని చేసేటప్పుడు మనిషి నోటి వెంట వచ్చే మాట ఏదో అదే రాయాలి. పుట్టుక ఏ భాషదని చూడనక్కర్లేదు. సబ్మిట్ కంటే "పంపండి" మేలనడానికి కారణం, అది జరగబోయేదేమిటో చెబుతుంది. దానికంటే "దరఖాస్తు పంపండి" ఇంకా మేలు. మొదట చెప్పిన పెట్టెను ఇలా రాస్తే సరి. ప్రశ్న: "ఈ దరఖాస్తు వెనక్కి తీసుకుంటారా?" బటన్లు: "అవును, వెనక్కి తీసుకుంటాను", "వద్దు, ఉండనివ్వండి". ప్రశ్న చదవకుండా బటన్లు మాత్రమే చూసినా పొరపాటు పడరు.

"నమోదు చేయి", "ఎంచుకో" లాంటివి కూడా మానాలి. మన ఊళ్లలో ముక్కూమొహం తెలియని మనిషిని, అందులోనూ పెద్దవాళ్లను, ఎవరూ అలా పిలవరు. "చేయండి", "ఎంచుకోండి" అనాలి. రెండక్షరాలు పెరుగుతాయని బటన్‌లో చోటు లేదంటే ఆ బటన్‌ను మార్చాలి, మర్యాదను కాదు.

ఇంతకంటే లోతైన ఇబ్బంది విభక్తులది. ఇంగ్లిషులో "టూ" అని రాసి పక్కన ఏ ఊరి పేరు పెట్టినా వాక్యం నిలుస్తుంది. అందుకని ప్రోగ్రామర్లు ఖాళీ వదిలి అందులో పేరు నింపుతారు. తెలుగులో ప్రత్యయం పేరుకు అతుక్కుంటుంది, అతుక్కుంటూ పేరునే మారుస్తుంది. శ్రీకాకుళం శ్రీకాకుళానికి అవుతుంది, బొబ్బిలి బొబ్బిలికి అవుతుంది, నెల్లిమర్ల నెల్లిమర్లకు అవుతుంది. ఖాళీ పక్కన "కు" తగిలిస్తే తెర మీద "శ్రీకాకుళం కు" అని వస్తుంది. దీనికి కోడ్‌తో సంధి చేయాలని ప్రయత్నించొద్దు, ఎక్కడో ఒకచోట తప్పుతుంది. వాక్యాన్నే మార్చండి. "వెళ్లాల్సిన ఊరు: శ్రీకాకుళం" అంటే ఏ ఊరి పేరైనా చెక్కుచెదరకుండా కూర్చుంటుంది. మనుషుల పేర్లకూ ఇదే దారి. సంఖ్యల దగ్గర ఏకవచనం, బహువచనం రెండు వాక్యాలుగా విడిగా రాసుకోవాలి, లేకపోతే "1 దరఖాస్తులు" వస్తుంది. మనుషుల్ని లెక్కపెట్టేచోట "2 సభ్యులు" బదులు "సభ్యులు: 2" అని రాస్తే "ఇద్దరు" గొడవ ఉండదు. లక్షల కామాలు మాత్రం సులభం: బ్రౌజర్‌లో అంకెలను రూపుదిద్దే నంబర్‌ఫార్మాట్‌కు తెలుగు-భారత్ లోకేల్ ఇస్తే 1,00,000 అని మన పద్ధతిలోనే వేస్తుంది.

మాట అంటే బటన్ మీది మాటే అనుకోవద్దు. పలాస జీడిపప్పు అమ్మే పేజీ తీసుకోండి. వ్యాపారి డబ్ల్యు180, డబ్ల్యు240, డబ్ల్యు320 అని గ్రేడ్లు ఇస్తాడు, డిజైనర్ అవే మూడు గుండ్రటి బటన్లుగా పెట్టేస్తాడు. కొనేవాళ్లు 320ని చూసి పెద్ద నంబరు, అంటే మేలైన సరుకనుకుంటారు. నిజానికి ఆ నంబరు పౌను తూకానికి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క. 320 అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు, 180 గ్రేడైతే ఇంకా తక్కువ పప్పులకే పౌను తూగుతుంది. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది. బటన్ మీద "పెద్ద పప్పు", "మధ్య రకం", "మామూలు" అని పెద్దగా రాసి, గ్రేడ్ నంబరు కింద చిన్నగా ఇచ్చి, పక్కన మూడు పప్పుల్నీ రూపాయి బిళ్లతో కలిపి ఒకే దూరం నుంచి తీసిన ఫోటో పెట్టండి. ఆ ఫోటో పేజీలోని మిగతా అలంకారమంతటికంటే ఎక్కువ పని చేస్తుంది.

ఫారం

మన పేజీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పేరు అడిగేచోట "మొదటి పేరు", "చివరి పేరు" అని రెండు పెట్టెలుంటాయి. మన వరుసలో ఇంటిపేరు ముందొస్తుంది. చాలామంది కాగితాల్లో అది ఒక్క అక్షరంగానే ఉంటుంది. కనీసం రెండక్షరాలుండాలని నియమం పెట్టిన పెట్టె ఆ మనిషి ఇంటిపేరునే తప్పంటుంది. "పూర్తి పేరు, ఆధార్ కార్డులో ఉన్నట్టే" అని ఒకే పెట్టె పెట్టండి. నిజంగా ఇంటిపేరు విడిగా కావాల్సివస్తే "ఇంటిపేరు", "పేరు" అని ఆ మాటలతోనే అడగండి. ఏది మొదటిదో ఏది చివరిదో తేల్చుకునే పని మనిషికి పెట్టొద్దు.

పెట్టెలో ఎన్ని అక్షరాలు పట్టాలన్నది ఇంకో ఉచ్చు. "శ్రీకాకుళం" కంటికి నాలుగక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్ అక్షరాలను గుర్తుపట్టే కోడ్‌ల పద్ధతి అయిన యూనికోడ్‌కు పది. బైట్లలో ముప్పై, ఎందుకంటే యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కూ మూడు బైట్లు. 20 అక్షరాల హద్దు పెట్టిన డిజైనర్ మనసులో ఇరవై ఇంగ్లిషు అక్షరాలుంటాయి, తెలుగు పేరు తొమ్మిదో పదో అక్షరాల దగ్గరే ఆగిపోతుంది. బైట్లలో లెక్కపెట్టే డేటాబేస్ కాలమ్ అయితే ఇంకా ముందే తెగిపోతుంది, ఒక్కోసారి ఒత్తు మధ్యలో. హద్దును కనీసం వంద కోడ్‌లకు పెంచండి. ఎస్సెమ్మెస్ పంపేటప్పుడు కూడా ఈ లెక్క గుర్తుండాలి: ఇంగ్లిషులో ఒక మెసేజికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 కోడ్‌లే. అందుకే ఓటీపీ అంకెలు వాక్యం మొదట్లో రావాలి.

జిల్లా సంగతి చూడండి. 1975లో పార్వతీపురంలో పుట్టిన మనిషిది అప్పటికి శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఊరు కదల్లేదు, మనిషి కదల్లేదు. రాజాం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ శ్రీకాకుళం నుంచి మన్యంలోకి వెళ్లింది. "పుట్టిన జిల్లా" అని ఒక డ్రాప్‌డౌన్ పెట్టి పాత 13 జిల్లాలో, 2022లో వచ్చిన 26 జిల్లాలో చూపిస్తే, చేతిలో సర్టిఫికెట్ పట్టుకున్న మనిషి ఏదెంచుకోవాలి? ముందు ఊరు, మండలం అడిగి జిల్లాను పేజీయే నింపాలి. సర్టిఫికెట్‌లో వేరే జిల్లా ఉంటే రాసుకోవడానికి దాని కిందే ఒక పెట్టె ఉండాలి, "సర్టిఫికెట్‌లో జిల్లా పేరు వేరేగా ఉంటే ఇక్కడ రాయండి" అని. డేటాబేస్‌లో ఊరికి ఒక గుర్తింపు, జిల్లాకు ఒకటి, ఆ సంబంధం ఎప్పటి నుంచి ఎప్పటి వరకో తేదీలు పెట్టుకుంటే, రేపు మళ్లీ జిల్లాలు మారినా ఏమీ కూలదు.

అంకెల పెట్టెల్లో చిన్న తప్పులు పెద్ద బాధ పెడతాయి. ఆధార్‌కూ ఫోనుకూ పిన్ కోడ్‌కూ "నంబర్" రకం పెట్టె వాడొద్దు. అది లెక్కలు చేసే సంఖ్యల కోసం. మౌస్ చక్రం తిరిగితే అంకె మారిపోతుంది, ముందున్న సున్నా ఎగిరిపోతుంది. మామూలు టెక్స్ట్ పెట్టె పెట్టి, ఇన్‌పుట్‌మోడ్‌ను న్యూమరిక్ చేస్తే ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది. ఆధార్ 12 అంకెలు, కార్డు మీద నాలుగేసి చొప్పున విడివిడిగా ఉంటాయి. మనిషి ఖాళీలతో కొట్టినా పేజీ ఒప్పుకుని లోపల ఖాళీలు తీసేసుకోవాలి. ఆధార్ చివరి అంకె తనిఖీ అంకె, వెర్‌హోఫ్ పద్ధతిలో వస్తుంది. దాన్ని పేజీలోనే సరిచూస్తే ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అక్కడికక్కడే పట్టుకోవచ్చు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిషు ఓ అక్షరం కొట్టడం చాలా మామూలు. తప్పని అరవకుండా పేజీయే సున్నాగా మార్చేయొచ్చు.

ఓటీపీకి ఆరు విడి పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి కానీ అతికించడానికి రావు, ఒకటి తప్పితే వెనక్కి పోవడం కష్టం. ఒకే పెట్టె చాలు, దానికి ఆటోకంప్లీట్ విలువ వన్-టైమ్-కోడ్ అని ఇస్తే ఫోన్ మెసేజి నుంచి తానే తెచ్చి చూపించగలదు. పుట్టిన తేదీకి క్యాలెండర్ పెట్టొద్దు, 1958 దాకా వెనక్కి నొక్కుకుంటూ పోవాలి. రోజు, నెల, సంవత్సరం మూడు విడి పెట్టెలు, నెల మాత్రం పేరుతో. 02/03 అంటే ఫిబ్రవరో మార్చో ఎవరికీ అనుమానం రాదు.

ఫోటో 50 కేబీ లోపే ఉండాలన్న నిబంధన మన ఫారాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా ఫోటో మూడు నాలుగు ఎంబీలుంటుంది. దాన్ని తగ్గించే యాప్ వెతుక్కునే పని మనిషిది ఎందుకవ్వాలి? బ్రౌజర్‌లోని కాన్వాస్‌తో పేజీయే ఫోటోను చిన్నది చేసి, "ఇలా వస్తుంది, మొహం స్పష్టంగా ఉందా?" అని చూపించగలదు. యాభై లైన్ల కోడ్ కూడా పట్టదు.

తప్పు చెప్పే వాక్యం ఆ పెట్టె కిందే ఉండాలి, ఏం తప్పో ఏం చేయాలో చెప్పాలి. "చెల్లని ఇన్‌పుట్" అంటే మనిషినే చెల్లడని తేల్చినట్టుంటుంది. "పిన్ కోడ్‌కు 6 అంకెలుండాలి. మీరు 5 వేశారు." ఇది చాలు. ఎర్ర రంగు ఒక్కదాని మీద ఆధారపడొద్దు, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లుంటాయి. ముందు ఒక గుర్తు, మాట కూడా పెట్టండి. అన్నీ సరిగ్గా నింపేదాకా బటన్‌ను బూడిద రంగులో నిద్రపుచ్చే అలవాటు కూడా మంచిది కాదు. ఎందుకు పనిచేయట్లేదో అది చెప్పదు. బటన్ నొక్కనిచ్చి, మొదటి తప్పు దగ్గరికి తీసుకెళ్లండి.

కౌంటరుకు రెండు వైపులా

పాఠ్యపుస్తకాల్లో వాడేవాడు ఒక్కడే ఉంటాడు. మన దగ్గర ఒక తెర ముందు ఇద్దరుంటారు. బస్సు కాంప్లెక్స్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రాడు కీబోర్డు మీద, కౌంటరు అవతల కాగితాల సంచీ పట్టుకుని పెద్దాయన. "నా పేరు సరిగ్గా ఏసినావా, బావూ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబుగా మీ పేజీలో ఒక తెర ఉండాలి. పంపే ముందు అన్ని వివరాలూ ఒకేచోట, 20 పిక్సెళ్లకు తగ్గకుండా, వరుసకు ఒక్క వివరమే, పక్కన "మార్చండి" అని లింకుతో. స్క్రీన్‌ను తిప్పి చూపిస్తే రెండడుగుల దూరం నుంచి చదువుకోగలగాలి. చదవలేని మనిషికి కుర్రాడు పైనుంచి కిందికి గట్టిగా చదివి వినిపించగలగాలి. "మార్చండి" నొక్కి ఒకటి దిద్దాక మళ్లీ నేరుగా ఈ తెరకే రావాలి, మధ్యలోని ఏడు పేజీలూ మళ్లీ నడవకూడదు.

ఈ ఇద్దరు మనుషుల సంగతి తెలియకపోతే మంచి సలహా కూడా చెడుపు చేస్తుంది. రాసింది పోకుండా బ్రౌజర్ లోకల్ స్టోరేజిలో దాచమని అందరూ చెబుతారు. సొంత ఫోన్లో అది మేలే. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్లో అలా చేస్తే తర్వాత వచ్చినవాళ్లకు ముందరి మనిషి ఆధార్ నంబరు తెరిచిన పెట్టెలో కనిపిస్తుంది. అందుకని సగం నింపిన ఫారాన్ని సర్వర్‌లో, ఫోన్ నంబరు మీద దాచాలి, ఓటీపీతోనే మళ్లీ తెరుచుకోవాలి. సెషన్ ముగియబోతోందని ముందుగా చెప్పి, ఒక్క నొక్కుతో పొడిగించుకోనివ్వాలి. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యుసీఏజీ దీనికి కనీసం 20 సెకన్లు అడుగుతుంది. సంచీలోంచి రేషన్ కార్డు తీసి చూపించడానికి అది చాలదు, రెండు నిమిషాలివ్వండి.

డబ్బు కట్టే బటన్ దగ్గర రెండుసార్లు నొక్కడం తప్పకుండా జరుగుతుంది. వెబ్ పేజీలు వాడడానికి ఎంత సులువో పరిశోధించే జాకోబ్ నీల్సన్ 1993లో చెప్పిన హద్దులు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి: 0.1 సెకనులో స్పందిస్తే వెంటనే జరిగినట్టుంటుంది, సెకను దాకా మనసు చెదరదు, 10 సెకన్లు దాటితే మనిషి ధ్యాస మళ్లిపోతుంది. నొక్కగానే బటన్ మీద "డబ్బు వెళ్తోంది, మళ్లీ నొక్కొద్దు" అని మారాలి. మాట ఒక్కటే చాలదు. దరఖాస్తుకు ఒకే గుర్తింపు కోడ్ ముందే ఇచ్చి, అదే కోడ్‌తో రెండోసారి వస్తే సర్వర్ డబ్బు తీసుకోకుండా పాత రసీదే చూపించాలి.

ఎండ, వేలు, వెతుకులాట

మధ్యాహ్నం ఎండలో, బస్సు కోసం నిలబడి చూసే ఫోన్ మీద లేత బూడిద అక్షరాలు కనపడవు. ప్రమాణం ప్రకారం మామూలు అక్షరానికి నేపథ్యంతో 4.5కు 1 తేడా ఉండాలి. తెల్లటి మీద #777777 బూడిద 4.48 దగ్గర ఆగి తప్పుతుంది, #767676 గట్టెక్కుతుంది. గట్టెక్కడంతో తృప్తిపడకుండా #595959కు దిగితే 7కు 1 వస్తుంది. పెట్టె లోపల లేతగా రాసే సూచన ఇంకా చెడ్డది, టైపు మొదలుపెట్టగానే మాయమైపోతుంది. ఏం అడిగారో మర్చిపోయినవాళ్లు రాసింది చెరిపి చూసుకోవాలి. లేబుల్ పెట్టె పైన, ఎప్పుడూ కనిపించేలా ఉండాలి.

నొక్కే చోటు ఆపిల్ లెక్కలో 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ లెక్కలో 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యుసీఏజీ 2.2లో 24 పిక్సెళ్లు అని చూసి అదే పెట్టేవాళ్లున్నారు. అది అంతకంటే దిగొద్దన్న అడుగు గీత. పొలం పని, జీడి బట్టీ పని చేసిన వేళ్లకు 48 ఇవ్వండి. మూడు గీతల గుర్తు పక్కన "మెనూ" అన్న మాట కూడా పెట్టండి.

నోటీసుల సంగతి బాధగా ఉంటుంది. డీటీపీలో అను ఖతులతో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు, వెబ్ పేజీలో అతికిస్తే గజిబిజి అవుతుంది. అందుకని ప్రింటు తీసి, స్కాన్ చేసి, బొమ్మగా పెట్టేస్తారు. ఆ బొమ్మలో వెతకలేం, అక్షరం పెంచితే పక్కకు జరుపుకుంటూ చదవాలి, చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి, మార్చి పాఠంగానే పెట్టాలి. పేజీకి భాష తెలుగని లాంగ్ గుణంలో చెప్పడం కూడా మరవొద్దు, అది చూసే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

వెతికే పెట్టెలో శ్రీకాకుళాన్ని కొందరు సిక్కోలు అని కొడతారు, కొందరు ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. విజయనగరాన్ని అధికారిక ఇంగ్లిషు స్పెల్లింగులో జెడ్‌తో రాయాలి, జనం జేతో రాస్తారు. జేతో రాస్తే హంపీ విజయనగరం వచ్చే పేజీలు ఉన్నాయి. ప్రతి ఊరికీ నాలుగైదు పేర్ల పట్టిక పెట్టుకోండి. పోల్చే ముందు రెండువైపులా సున్నా వెడల్పు అక్షరాలు తీసేసి, యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒకే అక్షరానికి ఒకే కోడ్ వరుస ఉండే రూపంలోకి, తేండి. ఐత్వాన్ని రెండు రకాలుగా నిల్వ చేయవచ్చు, కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు.

చూసి తెలుసుకోవడం

పేజీ తయారయ్యాక ఐదుగురిని కూర్చోబెట్టండి. ఐదుగురు చాలని నీల్సన్ 2000లో రాశాడు, చిన్న పేజీకి నిజంగానే చాలు. ఆఫీసులో పక్క కుర్చీవాళ్లు పనికిరారు. కూరల బండి నడిపే ఆవిడ, డిగ్రీ చదివే కుర్రాడు, పింఛను తీసుకునే పెద్దాయన, ఇంటర్నెట్ సెంటర్ ఆపరేటర్, కొండ ఊరి నుంచి వచ్చిన ఆశా కార్యకర్త, ఇలా ఉండాలి. వాళ్ల ఫోన్ మీదే, వాళ్ల సిగ్నల్ మీదే. ఒక పని చెప్పండి, దారి చెప్పొద్దు. "పింఛను దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి" అని ఊరుకోండి. "పైన మెనూ నొక్కండి" అన్నారంటే పరీక్ష అక్కడితో పాడైంది. తెర మీది మాటలు గట్టిగా చదవమనండి. ఎక్కడ నత్తి పడ్డారో, ఎక్కడ మాట మార్చి చదివారో రాసుకోండి. "సమర్పించు" అని ఉన్నచోట "పంపించు" అని చదివారంటే, మీ బటన్ మీద ఏం రాయాలో వాళ్లే చెప్పేశారు. వేలు తెర మీద ఆగి గాల్లో తిరిగిన ప్రతి చోటూ గుర్తుపెట్టుకోండి. వాళ్లు వెళ్లాక అదే రోజు దిద్ది, మర్నాడు ఇంకో ఇద్దరికి చూపించండి.